చెరిపేసిన పదకొండు వాక్యాలు

కోడలికి అత్తగారి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆవిడ ఏ తప్పూ చేయదు.

తప్పులు చేసే అత్తగారైతే ఎంత సుఖం. ఒకరోజు పాలు పొంగించేస్తుంది, ఇంకోరోజు తాళాలు ఎక్కడో పెట్టి మరిచిపోతుంది, మూడోరోజు ఆ రెండూ కోడలి మీదకి తోసేస్తుంది. కోడలు తలుపు వేసుకుని చెల్లెలికి ఫోన్ చేసి గంటసేపు వెళ్ళబోసుకుంటుంది. అందరికీ కాలక్షేపం. ఈ కోడలికి ఆ అదృష్టం లేదు. అత్తగారు ఒక పెద్ద ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు టైపిస్టుగా పనిచేసి రిటైరైన మనిషి. ఆ రోజుల్లో ఒక్క అక్షరం తప్పు పడితే కాగితం పీకేసి మొదటినుంచి కొట్టాలి. అందుకని ఆవిడ తప్పు పడకుండా కొట్టడం నేర్చుకుంది, తర్వాత అలాగే బతకడం కూడా నేర్చుకుంది. తువ్వాలు మడత పెడితే నాలుగు అంచులూ కలుస్తాయి. చీటీ మీద సరుకుల పేర్లు రాస్తే అచ్చు వేసినట్టు ఉంటుంది. మాట సంగతి మరీ అన్యాయం. వెనక్కి తీసుకోవలసిన అవసరం రాకుండా ఉండాలని, అనే ముందు బాగా ఆలోచించుకుని, ఆలోచించుకుని, చివరికి అనడమే మానేస్తుంది. అలాంటి మనిషి మీద పదమూడేళ్ళుగా సరైన ఫిర్యాదు ఒక్కటీ దొరక్కపోవడం కోడలికి తీరని లోటు.

ఇక ఆవిడ కొడుకు, అంటే కోడలి భర్త. కళ్ళజోళ్ళ షాపు నడుపుతాడు. అతని మీద ఫిర్యాదులకి కొదవ లేదు గానీ, అవి చెప్పుకున్నా ఉపయోగం లేనివి.

పన్నెండేళ్ళ వాళ్ళ అమ్మాయిని ఇంట్లో పిట్ట అంటారు. అసలు పేరు బడి రిజిస్టరులో భద్రంగా ఉంది. ఒక చోట కుదురుగా వాలదు కాబట్టి ఇంట్లో మాత్రం పిట్టే.

పిట్ట చదివే బడి కొంచెం తిక్క బడి. అక్కడి పిల్లలు రోజూ ఒకే వేళకి ఒకే కిటికీలోంచి ఆకాశాన్ని ఫోటో తీసి, ఏడాది చివర అన్నీ కలిపి ఆడిస్తే, రెండు నిమిషాల్లో మూడు కాలాలూ కళ్ళ ముందు పరిగెత్తుతాయి. మెట్ల పక్క గోడకి నలుపు తెలుపు గళ్ళ చదరాలు అతికించి ఉంటాయి. ఫోన్ వాటి ఎదుట పెడితే ఏదో చిన్న గొంతు, ఈ మెట్టు మీద నేను మూడుసార్లు పడ్డాను అని తన చరిత్ర చెబుతుంది. పిల్లలందరికీ తలొక టాబ్లెట్ ఇచ్చారు. బడివాళ్ళు దాన్ని పలక అంటారు. రాతపని అంతా దాని మీదే.

పలక మొదటిసారి ఇంటికి వచ్చినరోజు అత్తగారు దాన్ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

“తప్పు పడితే?”

“చెరిపేయడమే అత్తయ్యా. ఇదిగో, ఇక్కడ నొక్కితే చాలు,” అంది కోడలు.

“మచ్చ కూడా ఉండదా?”

“ఏమీ ఉండదు.”

“ఏమోనమ్మా. మాకు కార్బన్ కాపీ ఉండేది. పై కాగితం చింపేసినా కింది కాగితంలో అంతా ఉండిపోయేది,” అని ఆవిడ పలకని బల్ల అంచుకి సమాంతరంగా పెట్టి వెళ్ళిపోయింది.

కోడలు నవ్వుకుంది. తర్వాత ఆ మాట తలుచుకున్నప్పుడల్లా నవ్వు రాలేదు.

ఆ బడిలో అన్నిటికంటే గొప్పది రేడియో. ఎనిమిదిమంది పిల్లల జట్టు. వాళ్ళు రాసింది వాళ్ళే చదివి రికార్డు చేస్తే, శుక్రవారం మధ్యాహ్నం అన్ని తరగతుల్లోనూ వినిపిస్తుంది. ఇంట్లో వాళ్ళు ఫోన్లో వినవచ్చు. పిట్టకి ఆ జట్టులో చేరాలని కోరిక. ఎంత కోరికంటే, స్నానాలగదిలో బకెట్ బోర్లించి కూర్చుని, దువ్వెన మైకులా పట్టుకుని ఇంటి వార్తలు చదివేటంత. “ఈ ఉదయం నాన్నగారి ఎడమకాలి మేజోడు కనిపించకుండా పోయింది. గాలింపు కొనసాగుతోంది.” బయట భర్త ఒక కాలికి మేజోడుతో నిలబడి వినేవాడు.

ఈ ఏడు జట్టు ఎంపికకి భాషా టీచరు ఒక అంశం ఇచ్చింది. ‘మా ఇంట్లో అలుపెరగనిది.’ ఎవరిది వాళ్ళే పలక మీద రాసి సోమవారానికి పంపాలి.

పిట్ట శనివారం మధ్యాహ్నం రాసేసింది. ఆదివారం పొద్దున ఈతకి వెళుతూ, “అమ్మా, ఒకసారి చూడు. పంపకు, చూడు అంతే,” అని పలక వంటగట్టు మీద పెట్టి వెళ్ళింది.

ఇక్కడ కోడలి గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఆమె సాహిత్యంలో డిగ్రీ చేసింది. కాలేజీలో వ్యాసరచన పోటీల్లో మూడేళ్ళూ మొదటి బహుమతి ఆమెదే. ఆ మూడు కప్పుల్లో ఒకటి ఇప్పుడు చెంచాలు పెట్టుకోవడానికి పనికొస్తోంది. అలాంటి మనిషి చేతికి ఒక వ్యాసం ఇచ్చి చూడు అంతే అనడం, ఆకలితో ఉన్నవాడికి కంచం ఇచ్చి వాసన చూడు అంతే అనడం లాంటిది.

చూసింది. మొదటి నాలుగు వాక్యాలు చదివింది. నాన్నమ్మ వేళ్ళు అట. ఆవిడ నిద్రపోతూ దుప్పటి మీద టైపు చేస్తుందట. కోడలు నుదురు కొట్టుకుంది. వేళ్ళు ఒక అంశమా? పీఠిక లేదు, ఉపసంహారం లేదు. పైగా నిద్రపోయే పెద్దావిడని బడికెక్కించడం ఏమిటి? ఇది చూస్తే ఆ టీచరు పిల్లకి రేడియోలో చోటు ఇస్తుందా? పాపం పిట్ట, బకెట్ మీదే ముసలిదైపోతుంది.

స్టవ్ మీద పాలు పెట్టి, కోడలు స్టూలు లాక్కుని కూర్చుంది.

రాయబోయే ముందు ఆమెకి కాలేజీనాటి అలవాటు ఒకటి ఉంది. చెయ్యి వేడెక్కడానికి ముందుగా ఎవరి మీదనైనా రెండు ముక్కలు ఫిర్యాదు రాసుకోవాలి. అప్పట్లో నోటుపుస్తకం చివరి పేజీలో రాసి చింపేసేది. ఇప్పుడు పలక. ఒంటి వేలితో, పిట్ట రాసినదాని కింద, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రెండు ముక్కలు రాసుకుంది. చదువుకుని నవ్వుకుంది. చెరిపే మీట మీద వేలు పెట్టి నొక్కి పట్టుకుంది. ఫిర్యాదు పోయింది. వేలు తీయలేదు. పిట్ట వాక్యాలు కింద నుంచి పైకి, తోక నుంచి తల దాకా, ఒక్కొక్కటే కరిగిపోయాయి. అంతలో పాలు పొంగి స్టవ్ అంతా తడిసింది. అది తుడవడానికి ఏడు నిమిషాలు పట్టింది. తర్వాత వచ్చి కూర్చుని ఏకబిగిన రాసిపారేసింది.

“మా ఇంట్లో అలుపెరగనిది రిఫ్రిజిరేటరు. శాస్త్రవిజ్ఞానం మానవాళికి ప్రసాదించిన అపురూపమైన వరాలలో అది ఒకటి. అహర్నిశలూ శ్రమిస్తూ, తన చల్లని హృదయంలో మన ఆరోగ్యాన్ని పదిలపరిచే ఆ మూగ సేవకురాలికి మనం ఏమిచ్చి ఋణం తీర్చుకోగలం?”

ఇలా ఇరవై రెండు వాక్యాలు. పీఠిక, విషయ విస్తరణ, ఉపసంహారం. నాలుగో కప్పు వచ్చినంత తృప్తిగా ఉంది. పంపే మీట కూడా తనే నొక్కేసింది.

ఈత నుంచి తడి జుట్టుతో వచ్చిన పిట్ట పలక చూసి, తెరని కింది దాకా జరిపి, మళ్ళీ పైకి జరిపింది.

“నాదేది?”

“ఏది?”

“నాన్నమ్మది. కింద ఉందా?”

“చెరిపేశానే. బాగానే ఉంది గానీ పిట్టా, అది వ్యాసం కాదు. దీంతో చూడు, రేడియోలో చోటు ఎక్కడికీ పోదు.”

“మొత్తం చదివావా?”

“చదివానే.”

ఆ వారం బకెట్ మీద వార్తలు లేవు. భర్త రెండో మేజోడు తనే వెతుక్కున్నాడు.

మరుసటి శనివారం పొద్దున బడిలో తల్లిదండ్రుల సమావేశం. ఇంటిల్లిపాదీ బయలుదేరారు. కోడలు ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుంది. భర్త అడిగితే, అన్నిటికంటే ముందు చేతికి తగిలింది అని చెప్పింది. నిజానికి శుక్రవారం టీచరు పంపిన సందేశంలో, “రాత ఎలా పెరుగుతుందో చూపించడానికి ఒక వ్యాసాన్ని తెర మీద ప్రదర్శిస్తాం,” అని ఉంది. ఎవరి వ్యాసమో చెప్పలేదు. చెప్పనక్కర్లేదు అనుకుంది కోడలు. రిఫ్రిజిరేటరు మీద అంతటి వ్యాసం ఆ బడి ఇంతకుముందు చూసి ఉండదు.

మెట్ల దగ్గర అత్తగారు ప్రతి చదరం ముందూ ఆగి ఫోన్ పెట్టి వింది. మూడో మెట్టు దగ్గర ఫోన్లో ఎవరో కుర్రాడి గొంతు, కుళాయి కట్టేశాక ఎన్ని చుక్కలు పడతాయో లెక్కపెట్టి చెబుతోంది. “పదకొండు,” అంది అత్తగారు మెచ్చుకోలుగా. “శ్రద్ధగల పిల్లాడు.”

“రా అమ్మా, కుర్చీలు అయిపోతాయి,” అన్నాడు భర్త.

హాల్లో ముందు బెంచీల మీద పిల్లలు, వెనక కుర్చీల్లో పెద్దలు. పిట్ట రెండో బెంచీలో కూర్చుంది. వెనక్కి తిరిగి చూడలేదు. భాషా టీచరు చిన్న వయసు మనిషి, చాక్‌పీసు లేని చేతులు ఏం చేయాలో తెలియనట్టు ఆడిస్తూ మాట్లాడుతుంది.

“మేము పిల్లలకి పలకలు ఇచ్చింది చక్కగా రాయడానికి కాదండి. ఎలా రాశారో చూసుకోవడానికి. పిల్లలు నొక్కే ప్రతి అక్షరాన్నీ, చెరిపే ప్రతి అక్షరాన్నీ ఇది దాచిపెడుతుంది. తర్వాత సినిమాలాగా వెనక్కి తిప్పి ఆడించవచ్చు. రాసిన పిల్లలతో కూర్చుని చూస్తాం. ఇక్కడెందుకు ఆగావు, ఇదెందుకు తీసేశావు అని అడుగుతాం. పిల్లలకి వాళ్ళ ఆలోచన వాళ్ళకే కనబడుతుంది.”

కోడలికి మొదట అర్థం కాలేదు. తర్వాత ఒక్కసారిగా అర్థమైంది. చెరిపే ప్రతి అక్షరాన్నీ. ఇంకా నయం, నా ఒక్కదాని కోసం ఇంతమందిని పిలవరు కదా, ఎవరిదో వేరే పిల్లది అయి ఉంటుంది అని తనకి తనే సర్దిచెప్పుకుంది.

“కార్బన్ కాపీ,” అంది పక్కన అత్తగారు, ఎవరితోనూ కాదు.

“ఇప్పుడు చూపించేది ఎవరిదో పేరు చెప్పను,” అంది టీచరు. “మంచి రాత చేతులారా ఎలా చచ్చిపోతుందో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.”

తెర వెలిగింది. వేగంగా నడిపించింది టీచరు. అక్షరాలు చీమల్లా వచ్చి నిండాయి, కిందేదో ఒకటి మెరిసి మాయమైంది, తర్వాత అన్నీ వెనక్కి నడిచి ఖాళీ అయ్యాయి. ఆపైన తెర మీద పెద్ద అక్షరాలతో రిఫ్రిజిరేటరు నిలబడింది.

కోడలు గబుక్కున కుర్చీ చేతిని పట్టుకుంది. అది తన కుర్చీది కాదు, పక్కనున్న పెద్దమనిషిది.

“చూశారా, పదకొండు వాక్యాలు. పన్నెండేళ్ళ పిల్ల రాసింది. అవి చదివి నేను స్టాఫ్‌రూములో కాసేపు అలా కూర్చుండిపోయాను. ఇందాకటి ఖాళీ తెర దగ్గర ఏడు నిమిషాలు ఆగింది. పాపం, ఎంత మథనపడిందో. చివరికి వచ్చిందేమిటి? ఫ్రిజ్జు.” హాల్లో నవ్వులు. “వరం, హృదయం, మూగ సేవకురాలు. పిల్లలు సొంత మాటలకి భయపడి ఇలాంటి అరువు మాటలు తొడుక్కుంటారండి.”

మూడు కప్పులు గెలిచిన మనిషికి చెంపలు భగ్గుమన్నాయి. మథనం కాదమ్మా, పాలు అని చెప్పాలనిపించింది.

“రేడియో జట్టుకి ఏడుగురు ఖాయమయ్యారు. ఎనిమిదో చోటు ఈ అమ్మాయికే ఇద్దామనుకున్నాను, ఆ చెరిపేసినది రేడియోలో చదివితే. ఎందుకు చెరిపావమ్మా అంటే, నేనే చెరిపాను, బాగాలేదు, చదవను అంటోంది. వారం నుంచి అడుగుతున్నాను. ఈ సమావేశం అయ్యాక జాబితా అతికించాలి.”

పిట్ట వీపు కదలలేదు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

కోడలు ఆ వీపునే చూసింది. నేనే చెరిపాను అందట.

అప్పుడు అత్తగారు లేచి నిలబడింది.

“టీచరమ్మా, నేను టైపిస్టుని. ఇలాంటిది మా రోజుల్లో లేదు. కాస్త నెమ్మదిగా, మొదటినుంచి చూపిస్తారా? చెయ్యి ఎలా నడిచిందో చూడాలని ఉంది.”

ఈ పిల్ల ఎవరి పిల్లో ఆవిడకి తెలియదు. పిట్ట ఏం రాసిందో కూడా తెలియదు. కేవలం పనివాళ్ళకి పని మీద ఉండే సరదా. టీచరు ముచ్చటపడి, “తప్పకుండా అండి,” అని వేగం తగ్గించింది.

తెర మూల, శనివారం, మధ్యాహ్నం రెండు పది అని పడింది. అక్షరాలు ఒక్కొక్కటే నడిచాయి.

“పిల్ల చెయ్యే,” అంది అత్తగారు కూర్చుంటూ, కోడలి చెవిలో. “రెండు చేతులూ వాడుతోంది. తొందర ఎక్కువ గానీ, లయ ఉంది.”

తెర మీద వాక్యం పూర్తయింది. మా ఇంట్లో అలుపెరగనివి నాన్నమ్మ వేళ్ళు.

అత్తగారు చేతిసంచీని ఒడిలోకి లాక్కుంది.

నాన్నమ్మ ముప్ఫై ఏళ్ళు ఆఫీసులో టైపు చేసింది. ఇప్పుడు ఉద్యోగం లేదు కానీ, వేళ్ళకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నం నిద్రలో దుప్పటి మీద టైపు చేస్తుంది.

ఇక్కడి వరకు కోడలు చదివింది. ఇక్కడి నుంచి చదవలేదు. చదివానే అని పిల్ల ముఖం మీద చెప్పింది గానీ, చదవలేదు. హాల్లో రెండు వందల మందితో పాటు, వాళ్ళలాగే, మొదటిసారి చదివింది.

ఏ వేలు ఎక్కడ పడితే ఏ అక్షరమో నాన్నమ్మ నాకు అట్టముక్క మీద గీసి నేర్పింది. అందుకని నేను పక్కన కూర్చుని చదువుతాను. ఎక్కువసార్లు ‘ఇట్లు, తమ విధేయురాలు’ అని వస్తుంది. ఒకరోజు మా అమ్మ పేరు వచ్చింది. అమ్మని తిట్టబోతోందేమో అని భయపడి చూశాను. ‘తిన్నదో లేదో’ అని వచ్చింది. నాన్నమ్మ ఆ మాట పైకి ఎప్పుడూ అనదు, వేళ్ళతోనే అంటుంది.

పదకొండు. ఎవరో చీదుకున్నారు.

కోడలు పక్కకి చూడలేకపోయింది. చూడకుండానే, అత్తగారి ఒడిలోని చేతిసంచీ మీద పది వేళ్ళూ బిగుసుకుపోయి ఉన్నాయని తెలుస్తోంది. పదమూడేళ్ళు. రోజూ రెండుపూటలా అందరికీ వడ్డించాక తను తిన్నదో లేదో ఈ ఇంట్లో ఎవరూ అడగలేదని కోడలు చెల్లెలికి ఎన్నిసార్లు చెప్పుకుందో. అడుగుతూనే ఉన్నారట. దుప్పటి మీద.

తెర మూల మారింది. ఆదివారం, ఉదయం తొమ్మిది నలభై.

కోడలికి అప్పుడు గుర్తొచ్చింది. చెయ్యి వేడెక్కడానికి రాసుకున్న ఆ రెండు ముక్కలు. కరెంటు పోవాలి, ఇప్పుడే పోవాలి అని ఆ క్షణం మనసారా కోరుకుంది. పోలేదు. పిట్ట ఆఖరి వాక్యం కింద, సరిగ్గా దాని కిందే, ఒక్కో అక్షరం కుంటుతూ పడసాగింది.

“చెయ్యి మారింది,” అంది అత్తగారు మెల్లగా. “ఒంటి వేలు.”

మా అత్తగారి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆవిడ ఏ తప్పూ చేయదు.

హాలు పగలబడి నవ్వింది. పన్నెండేళ్ళ పిల్లకి అత్తగారు ఎక్కడి నుంచి వస్తుంది? హాల్లో ఉన్న అత్తగార్లందరూ ఒక్కసారిగా కోడళ్ళ వైపు తిరిగారు. కోడళ్ళందరూ పైకప్పు వైపు చూశారు. టీచరు నోరు తెరిచి ఉంది. మీట ఎక్కడుందో చెయ్యికి తోచడం లేదు.

“ఎవరో గానీ అడ్డంగా దొరికిపోయింది పాపం,” అని, అప్పటిదాకా ఫోన్ చూసుకుంటూ నవ్వులకి తలెత్తిన భర్త తొడ చరుచుకుని నవ్వాడు. “పిల్ల హోంవర్కులో అత్తగారిని తిట్టుకోవడమేమిటి.”

తెర మీద రెండో ముక్క పడింది. మా ఆయన ఊరందరికీ కళ్ళజోళ్ళు పెడతాడు. ఎదురుగా ఉన్న ఉప్పు డబ్బా మాత్రం ఆయనకి కనబడదు.

భర్త చెయ్యి తొడ మీదకి రాకుండా గాల్లోనే ఆగిపోయింది. మెల్లగా భార్య వైపు తిరిగాడు. ఈసారి అతనికి ఎదురుగా ఉన్నది కనబడింది.

తర్వాత చెరపడం మొదలైంది. నెమ్మదిగా చూస్తే అది చెరపడంలా లేదు. ముందు ఫిర్యాదు వెళ్ళింది. ఆ వెనకే ‘అంటుంది’ వెళ్ళింది. ‘వేళ్ళతోనే’ వెళ్ళింది. ‘తిన్నదో లేదో’ అక్షరం అక్షరం వెళ్ళింది. ఆగలేదు, తడబడలేదు, ఒక్కచోటైనా అయ్యో అనుకోలేదు. నొక్కి పట్టుకున్న వేలు. వేలు ఎలా ఉంటుందో తెర మీద కనబడదు గానీ కోడలికి కనబడింది. తన చూపుడు వేలే. ఇప్పుడు ఒళ్ళో పడి ఉంది, ఏమీ ఎరగనట్టు.

ఏడు నిమిషాల ఖాళీ దగ్గర టీచరుకి మీట దొరికింది. తెర ఆరిపోయింది.

“నేను... నేను వేగంగా పెట్టి చూశానండి. నలభైమంది పిల్లలు. మధ్యలో ఇది ఉందని గమనించలేదు. క్షమించాలి,” అంది. ముఖం కందిపోయింది. “ఎవరు చెరిపారన్నది నాకు అక్కర్లేదు. ఎవరినీ అడగను. రాసిన అమ్మాయి నేనే చెరిపాను అంది, నాకు ఆ మాట చాలు. తను చదవనంటే నేను బలవంతపెట్టలేను.” బల్ల మీద నుంచి జాబితా తీసి, కలం మూత తీసింది. “ఎనిమిదో పేరు ఇంకొకరిది రాస్తాను.”

పిట్ట ఇంకా వెనక్కి తిరగలేదు. ఎందుకు తిరగడం లేదో కోడలికి తెలిసిపోయింది. తిరిగితే హాలంతా ఆ చూపు వెంటే వచ్చి అమ్మ దగ్గర ఆగుతుంది. బకెట్ మీద కూర్చుని దువ్వెనతో వార్తలు చదివిన పిల్ల, మైకు పోతున్నా సరే, మెడ తిప్పకుండా కూర్చుంది.

కోడలు లేచింది.

“టీచర్ గారూ, అక్కడ చిన్న పొరపాటు జరిగినట్టుందండి.”

“ఎక్కడండీ?”

“మా వంటింట్లో.”

హాల్లో మళ్ళీ నవ్వు మొదలై, ఆమె ముఖం చూసి ఆగిపోయింది.

“అంటే, అది చెరిగిపోయింది,” అంది కోడలు.

“దానంతటదే చెరిగిపోదండి,” అంది టీచరు జాగ్రత్తగా.

అవును. దానంతటదే చెరిగిపోదు. పాలు వాటంతటవి పొంగిపోతాయి, తాళాలు వాటంతటవి పోతాయి, ఆ ఇంట్లో ఇన్నాళ్ళూ అన్నీ అలాగే జరుగుతున్నాయి. ఇది మాత్రం అలా జరగలేదు. పదకొండు వాక్యాలూ ఇంకా తెర మీద ఉన్నట్టే ఉంది ఆమెకి.

“మా అమ్మాయి అబద్ధం చెప్పింది. తను చెరపలేదు. ఆ ఫ్రిజ్జు నాది. ఆ ఏడు నిమిషాలూ నావే, స్టవ్ తుడుచుకున్నాను. చెరిపింది నేను. మొత్తం చదివావా అని పిల్ల అడిగితే చదివాను అన్నాను. నాలుగు వాక్యాలే చదివాను. మిగతావి ఇప్పుడే చదివాను, మీ అందరితో పాటు.” గొంతు దాటి రావడానికి ఇంకొకటి మిగిలింది. దాన్ని ఇన్నేళ్ళలో ఎప్పుడూ బయటికి తీయలేదు, అందుకే వేగంగా, మాటలు ఒకదాని మీద ఒకటి పడేలా అనేసింది. ఎవరికీ వినబడలేదు.

బెంచీలో పిట్ట తిరిగింది.

టీచరు కలం జాబితా మీద ఆగింది.

భర్త గాల్లో ఆగిన చెయ్యిని అప్పుడు కిందికి దించుకున్నాడు.

“ఏమ్మా,” అంది అత్తగారు. కోడలు భయం భయంగా కిందికి చూసింది. ఆవిడ చేతిసంచీని మోకాళ్ళ మీద చదునుగా సర్దుకుంది. ఎనిమిది వేళ్ళూ వాటి వాటి చోట్లలో కుదురుకున్నాయి, బొటనవేళ్ళు కొంచెం పైకి లేచి ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళు ఆఫీసర్లు చెబుతుంటే కొట్టిన మనిషి ఎలా కూర్చుంటుందో అలాగే కూర్చుంది. కళ్ళు తడిగా ఉన్నాయి గానీ గొంతు పనిలో ఉన్న గొంతే. “ఆఖరి ముక్క అందలేదు. ఇంకోసారి చెప్పు. నెమ్మదిగా.”

రెండో బెంచీలోంచి పిట్ట నాన్నమ్మ వేళ్ళ వైపే చూస్తోంది, చదవడానికి సిద్ధంగా.

“నేను,” అంది కోడలు. సంచీ మీద వేళ్ళు కదిలాయి. ఆమె అవి ఆగేదాకా ఆగింది.

“తప్పు చేశాను.”